ఓకే అయిన షాట్ ఖరీదు

2025 ఆగస్టులో హైదరాబాద్‌లో రెండు ధరలు రెండు రోజుల తేడాలో తేలాయి. మొదటిది యంత్రానిది. 19వ తేదీన ఓపెన్‌ఏఐ సంస్థ ‘చాట్‌జీపీటీ గో’ అనే ఏఐ చందాను మన దేశంలో నెలకు 399 రూపాయలకు తెచ్చింది. రెండోది మనిషిది. వేతనాలు 30 శాతం పెంచాలంటూ ఆగస్టు 4న షూటింగులు ఆపేసిన తెలుగు సినిమా కార్మికుల సమ్మె, ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి జోక్యంతో 21న ముగిసింది. రోజుకు 2,000 రూపాయల లోపు వేతనం ఉన్నవాళ్లకు మూడేళ్లలో 22.5 శాతం పెంపు. అదీ ఒక్కసారిగా కాదు. తొలి ఏడు 15, మలి ఏడు 2.5, మూడో ఏడు 5. పద్దెనిమిది రోజుల కూలి వదులుకుని సాధించుకున్న పెంపు అది. నవంబరు వచ్చేసరికి యంత్రం తన 399 కూడా వదులుకుంది. కొత్తగా చేరేవాళ్లకు ఏడాది పాటు ఉచితం అంది.

కార్మికుల ఫెడరేషన్ కార్యాలయం ఉన్నది వెంగళరావు నగర్‌లో. 2022 జూన్‌లో వేతనాల కోసం సమ్మె చేసినప్పుడూ జనం వచ్చి నిలబడింది ఇక్కడే. ఈ కాలనీకి ఒక పక్క అమీర్‌పేట: మల్టీమీడియా, గ్రాఫిక్స్, కోడింగ్, ఏది కొత్తగా వస్తే అది నేర్పే శిక్షణ కేంద్రాల పేట. ఇంకో పక్క యూసఫ్‌గూడ, కృష్ణానగర్: జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్, అసిస్టెంట్ డైరెక్టర్లు అద్దెకుండే గదులు. ఇంకాస్త పైకి వెళితే జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్. ఈ దారి పొడుగునా అపార్ట్‌మెంట్లలో ఎడిటింగ్ గదులు, డబ్బింగ్ థియేటర్లు, గ్రాఫిక్స్ ఆఫీసులు. ఇప్పుడు అక్కడ అందరూ వేసుకుంటున్న లెక్క ఒకటే: ఒక కుర్రాడికి నెల జీతం ఇంత, సాఫ్ట్‌వేర్ చందా అంత, మరి కుర్రాడెందుకు?

ఈ లెక్కలో రెండు వైపులా పెట్టినవి ఒకే రకం వస్తువులు కావు. జీతం అంటే పని పూర్తయ్యేదాకా ఒక మనిషి బాధ్యత పడడానికి ఇచ్చే డబ్బు. చందా అంటే ఒక పనిముట్టును వాడుకోవడానికి ఇచ్చే డబ్బు. నిర్మాత కొనేది ఈ రెండూ కాదు. నిర్మాత కొనేది ఓకే అయిన షాట్‌ని, ఓకే అయిన డైలాగ్‌ని. కాబట్టి ఖరీదు కట్టాల్సింది దానికి. అలా కట్టి చూస్తే కొన్నిచోట్ల యంత్రం నిజంగానే చాలా చవక, కొన్నిచోట్ల మనిషికన్నా ఖరీదు. ఎక్కడ ఏది అన్నది ఊహించి చెప్పే విషయం కాదు, లెక్కకు అందే విషయం.

రోటోస్కోపింగ్‌తో మొదలుపెడదాం. మనవాళ్లు ముద్దుగా ‘రోటో’ అనే ఈ పని వంద ఏళ్లు దాటినది. మ్యాక్స్ ఫ్లీషర్ అనే అమెరికన్ 1915లో దీని పేటెంటుకు దరఖాస్తు చేశాడు. నటుడు చార్మినార్ ముందు నడుస్తున్నాడు. దర్శకుడికి వెనక ఆకాశం మారాలి. అప్పుడు నటుడి ఆకారం చుట్టూ ఒక గీత గీసి, అతన్ని వెనక దృశ్యం నుంచి వేరు చేయాలి. సినిమా సెకనుకు 24 ఫ్రేములు కాబట్టి ఐదు సెకన్ల షాటంటే 120 బొమ్మలు. చెయ్యి కదిలిన ప్రతిచోటా గీత కదలాలి. ‘ఆర్ఆర్ఆర్’ లాంటి సినిమాలో గ్రాఫిక్స్ షాట్లు రెండు వేలకు పైమాటే. తెర మీద పులి దూకిన ఆ క్షణం వెనక, ముఖం కనిపించని ఎందరో ఫ్రేము ఫ్రేముకూ గీసిన గీతలున్నాయి.

2023 ఏప్రిల్‌లో మెటా సంస్థ ‘సెగ్మెంట్ ఎనీథింగ్’ అనే నమూనాను విడుదల చేసింది. కోటీ పది లక్షల ఫొటోల మీద, 110 కోట్ల ఆకారాలను చూపించి దానికి తర్ఫీదు ఇచ్చారు. బొమ్మలో ఒకచోట వేలు పెడితే చాలు, ఆ వస్తువు అంచును అదే గీస్తుంది. 2024 జులైలో వచ్చిన రెండో కూర్పు వీడియోలో కూడా ఆ పని చేస్తుంది. ముందు ఫ్రేముల్లో ఆ వస్తువు ఎలా ఉందో జ్ఞాపకం పెట్టుకుని, తర్వాతి ఫ్రేముల్లో దాన్ని వెంబడిస్తుంది. తొలిసారి చూసినవాళ్లకు ఒళ్లు జలదరిస్తుంది. రోజుల పని నిమిషంలో అయిపోయినట్టు కనిపిస్తుంది.

అయితే తెర మీద మనిషి అంచు అంటే కత్తిరించిన కాగితం అంచు కాదు. గాలికి ఎగిరే వెంట్రుక దగ్గర ఒక్క పిక్సెల్‌లో సగం వెంట్రుక, సగం ఆకాశం ఉంటాయి. పలుచని చీర కొంగులోంచి వెనక గోడ కనిపిస్తుంది. విసురుగా తిప్పిన చెయ్యి మసకబారి, ఎక్కడ ఆగుతుందో తెలియకుండా గాల్లో కలిసిపోతుంది. ఇలాంటి నమూనా చెప్పే జవాబు ‘ఇది మనిషి’ లేదా ‘ఇది మనిషి కాదు’. గ్రాఫిక్స్ పనికి కావాల్సిన జవాబు ‘ఈ పిక్సెల్‌లో 37 శాతం మనిషి’. ఆ భాగాన్ని లెక్కగట్టే సాధనాలు వేరే ఉన్నాయి, అవీ మెరుగవుతున్నాయి, కానీ అవి తడబడేదీ సరిగ్గా కొంగు దగ్గరే, జుట్టు దగ్గరే. పైగా ఒక్కో ఫ్రేములో తప్పు ఒక్కో చోట పడితే, విడిగా చూస్తే కనిపించని తేడా, సెకనుకు 24 చొప్పున ఆడించేసరికి అంచు వణుకుతున్నట్టు కనిపిస్తుంది. ప్రేక్షకుడికి అది ఏమిటో తెలియకపోవచ్చు. ఏదో అతికించినట్టుందని మాత్రం తెలుస్తుంది.

ఇప్పుడు ఖరీదు కడదాం. అంకెలు నేను ఉదాహరణకు అనుకున్నవి, పద్ధతి ముఖ్యం. జూనియర్ ఆర్టిస్టుకు ఒక షాట్‌కి నాలుగు గంటలు, అంటే 240 నిమిషాలు పడుతుంది. అతను చేసినదాన్ని సీనియర్ 20 నిమిషాలు పరిశీలించి ఓకే చేస్తాడు. సీనియర్ జీతం జూనియర్‌కి మూడు రెట్లనుకుంటే ఆ 20 నిమిషాలు 60తో సమానం. మొత్తం 300. యంత్రం అదే షాట్‌ని నిమిషంలో ఇస్తుంది; దాని ఖర్చు సున్నా అనే అనుకుందాం. కానీ వచ్చిన ప్రతిదాన్నీ 120 ఫ్రేములూ ముందుకూ వెనక్కూ తిప్పి సీనియరే చూడాలి, ఎందుకంటే కొంగు దగ్గర జారిన అంచును పట్టుకునే కన్ను అతనికే ఉంది. ఒక్కో ప్రయత్నానికి 60. రెండింటిలో ఒకటి ఓకే అయితే ఒక షాట్ ఖరీదు 120. సగానికి సగం కన్నా ఎక్కువ ఆదా. ఐదింటిలో ఒకటి ఓకే అయితే 300, చెల్లుకు చెల్లు. ఎనిమిదింటిలో ఒకటైతే 480. ఖర్చే లేని యంత్రం, జీతమిచ్చి పెట్టుకున్న కుర్రాడికన్నా ఖరీదైపోయింది!

అంటే యంత్రం ధర సున్నాకు పడిపోయినా లెక్క సున్నాకు రాదు. ఓకే అయ్యే నిష్పత్తి, ఓకే చెప్పే మనిషి సమయం, ఈ రెండే దాన్ని శాసిస్తాయి. ఇంకో తేడా కూడా ఉంది. సీనియర్ ‘ఎడమ భుజం దగ్గర చూడు’ అంటే జూనియర్ ఎడమ భుజం మాత్రమే సరిచేస్తాడు, మిగతాది ముట్టుకోడు, రేపటి షాట్‌లో ఆ తప్పు చేయడు. యంత్రంతో మళ్లీ చేయిస్తే భుజం బాగుపడి చెవి పోవచ్చు. అందుకే మంచి స్టూడియోల్లో పని పద్ధతి వేరుగా ఉంటుంది. మొదటి గీత యంత్రం గీస్తుంది, జుట్టూ కొంగూ మనిషి దిద్దుతాడు. గాజు కిటికీ ముందు కదలకుండా నిలబడిన మనిషి షాటైతే యంత్రానికి వదిలేస్తారు. వానలో తడుస్తూ జుట్టు విదిల్చే నాయిక షాటైతే మనిషి చేతికిస్తారు. ఈ ఎంపిక చేయగలగడమే ఇవాళ ఒక విద్య.

పెద్ద పెద్ద దృశ్యాలను సృష్టించే పనిలో యంత్రం గెలుపు ఇంకా స్పష్టంగా ఉంది. అర్జెంటీనా సిరీస్ ‘ఎల్ ఎటర్‌నౌటా’లో ఒక భవనం కూలే దృశ్యాన్ని ఏఐతో చేశామని, మామూలు పద్ధతికన్నా పది రెట్లు వేగంగా పూర్తయిందని నెట్‌ఫ్లిక్స్ సహ సీఈఓ టెడ్ సరాండోస్ 2025 జులైలో చెప్పారు. ఆ ఏడాదే నిర్మాత దిల్ రాజు హైదరాబాద్‌లో ‘లోర్వెన్ ఏఐ’ పేరుతో స్టూడియో పెట్టారు. కన్నడంలో ‘లవ్ యూ’ అనే సినిమాను పూర్తిగా ఏఐతో పది లక్షల రూపాయల ఖర్చుతో తీశామని దాని రూపకర్తలు ప్రకటించారు. కాబట్టి యంత్రం పనికిరాదనే వాదన నాది కాదు. కూలే భవనానికి పక్కా పోలిక అక్కర్లేదు, కూలితే చాలు. ఓకే అయ్యే నిష్పత్తి ఎక్కువ. తెలిసిన ముఖం, తెలిసిన గొంతు, తెలిసిన చీర కొంగు దగ్గరికి వచ్చేసరికి ఆ నిష్పత్తి పడిపోతుంది.

గొంతు సంగతికి వద్దాం. తెలుగులో తొలి అనువాద చిత్రం 1950లో వచ్చిన ‘ఆహుతి’. దానికి మాటలు, పాటలు రాసింది శ్రీశ్రీ. ఆనాటి నుంచి అనువాద రచయితకు ఎదురయ్యే కష్టం ఒక్కటే: తెర మీద పెదాలు ఎక్కడ మూతపడ్డాయో అక్కడ మన మాటలోనూ పెదాలు మూతపడాలి. ప, ఫ, బ, భ, మ పలికేటప్పుడు పెదాలు కలవక తప్పదు. తమిళంలో ఎన్నో మాటలు హల్లుతో ఆగిపోతాయి. మన మాటలు అచ్చుతో సాగుతాయి. నటుడు నోరు మూసేశాక కూడా మన డైలాగ్ తోక మిగిలిపోతుంది. మణిరత్నం తమిళ సినిమాలకు రచయిత రాజశ్రీ తెలుగు మాటలు రాసినప్పుడు చేసింది అర్థాన్ని మోసుకురావడమే కాదు, పెదాల లెక్కకు తగ్గట్టు వాక్యాన్ని మళ్లీ కట్టడం. యంత్రం ఇచ్చే అనువాదం అర్థం వరకు చాలాసార్లు సరిగానే ఉంటుంది. అది నోట్లో పట్టదు. దాన్ని పట్టించడానికి మళ్లీ రచయితే కూర్చోవాలి.

మరి ఆ అనువాదం చేసినందుకు యంత్రానికి ఎంత ఖర్చు? ఇక్కడ తెలుగువాళ్లకు ప్రత్యేకంగా తెలియాల్సిన సంగతి ఒకటుంది. భాషా నమూనాలు అక్షరాలకో మాటలకో డబ్బు తీసుకోవు, టోకెన్లకు తీసుకుంటాయి. టోకెన్ అంటే నమూనా ఒక్క గుక్కలో మింగే ముక్క. కంప్యూటరు లోపల ఇంగ్లిష్ అక్షరం ఒక బైట్‌లో ఇమిడిపోతుంది. తెలుగులో ప్రతి గుర్తుకూ మూడు బైట్లు కావాలి. ‘స్త్రీ’ మనకు ఒకే అక్షరం. కంప్యూటరుకు స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం కలిపి ఆరు గుర్తులు, 18 బైట్లు. ఇంగ్లిష్ గ్రంథాల మీద పెరిగిన పాత నమూనాలు తెలుగు మాటను పొడి పొడి చేసి మింగేవి. 2024 మేలో ఓపెన్‌ఏఐ స్వయంగా ఒక పట్టిక చూపించింది. ఒక చిన్న పరిచయ వాక్యం ఇంగ్లిష్‌లో 27 టోకెన్లయితే, అదే తెలుగులో 159. అంటే దాదాపు ఆరు రెట్లు. ఒకే మాట చెప్పినందుకు తెలుగువాడి బిల్లు ఆరింతలు! కొత్త పద్ధతిలో ఇంగ్లిష్ 24కు, తెలుగు 45కు తగ్గాయి. ఇప్పటికీ రెట్టింపు దగ్గరే ఉన్నాం, కానీ ఆరింతల కాలం పోయింది.

ఈ రెట్టింపు భారంతో కూడా లెక్క వేసి చూద్దాం. ఒక సినిమా డైలాగులు 15 వేల మాటలనుకుందాం, మాటకు నాలుగు టోకెన్లు, మొత్తం 60 వేలు. ఓపెన్‌ఏఐ నమూనా జీపీటీ-4ఓ ధర 2024 చివర్లో పది లక్షల టోకెన్ల జవాబుకు పది డాలర్లు. సినిమా మొత్తం అనువాదానికి అర డాలరు పైచిలుకు. కృష్ణానగర్‌లో ఒక ప్లేటు టిఫిన్ డబ్బులు. 2022 నవంబరులో జీపీటీ-3.5 స్థాయి నమూనాను వాడడానికి పది లక్షల టోకెన్లకు 20 డాలర్లయ్యేది. 2024 అక్టోబరుకు అదే స్థాయి పని 7 సెంట్లకు వచ్చిందని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఏటా వేసే ఏఐ నివేదిక చెబుతోంది. రెండేళ్లలో 280 రెట్లు తగ్గింది. కాబట్టి రాతపనిలో యంత్రం ఖరీదు అసలు సమస్యే కాదు. అనువాద రచయితకు ఇచ్చే పారితోషికం అర్థం తర్జుమా చేసినందుకు కాదు, పెదాలకు పట్టించినందుకు అని ఒప్పుకుంటే లెక్క తేటపడుతుంది. ఆ పారితోషికంలో కోత పెట్టి ‘యంత్రం సగం పని చేసేసింది కదా’ అనే నిర్మాత, పనిలో తేలిక సగాన్ని చూపించి బరువు సగానికి డబ్బు ఎగ్గొడుతున్నట్టే.

ఇలాంటి చోట మన అంచనాలే మనల్ని మోసం చేస్తాయని చెప్పే మంచి ప్రయోగం ఒకటి జరిగింది. అమెరికాలోని మీటర్ అనే పరిశోధన సంస్థ 16 మంది అనుభవజ్ఞులైన ప్రోగ్రామర్లకు, తమకు బాగా తెలిసిన ప్రాజెక్టుల్లోనే 246 పనులు అప్పజెప్పింది. కొన్నింటికి ఏఐ వాడవచ్చు, కొన్నింటికి కూడదు. 2025 జులైలో ఫలితాలు వచ్చాయి. ఏఐ వాడినప్పుడు వాళ్లకు పట్టిన సమయం 19 శాతం ఎక్కువ. పని పూర్తయ్యాక వాళ్లను అడిగితే మాత్రం 20 శాతం త్వరగా చేశామన్నారు. చేతిలో పని తెలిసినవాడికి, యంత్రం ఇచ్చింది చదివి, సరిచూసి, దిద్దే సమయం సమయంలా అనిపించలేదన్నమాట. స్వీడన్ ఆర్థిక సంస్థ క్లార్నా 2024లో తమ ఏఐ 700 మంది కస్టమర్ కేర్ ఉద్యోగుల పని చేస్తోందని ప్రకటించి, ఏడాది తిరిగేసరికి నాణ్యత పడిపోయిందని ఒప్పుకుని మళ్లీ మనుషులను తీసుకోవడం మొదలుపెట్టింది.

ఇంతవరకు ఒక షాట్ లెక్క. ఒక ఉద్యోగం లెక్క ఇంకో రకంగా ఉంటుంది. ఎంఐటీ పరిశోధకులు 2024 జనవరిలో కంప్యూటర్ చూపుతో చేయదగ్గ పనుల మీద ఒక అధ్యయనం ప్రచురించారు. ఆ పనులకు అమెరికాలో చెల్లిస్తున్న జీతాల్లో కేవలం 23 శాతం మేరకే యంత్రం పెట్టడం గిట్టుబాటు అని తేల్చారు. వాళ్లిచ్చిన ఉదాహరణ ఒక చిన్న బేకరీ. ఐదుగురు పనివాళ్లు, ఒక్కొక్కరికి ఏడాదికి 48 వేల డాలర్లు. సరుకు పాడైందా లేదా అని చూడడానికి వాళ్ల సమయంలో 6 శాతం పోతుంది. ఆ పని కెమెరాకు అప్పగిస్తే మిగిలేది ఏడాదికి 14 వేల డాలర్ల పైచిలుకు. అలాంటి ఏర్పాటు చేసి నడపడానికి అయ్యే ఖర్చు అంతకన్నా ఎక్కువ.

ఈ బేకరీని యూసఫ్‌గూడకు తెద్దాం. ఐదుగురికి నెలకు 25 వేల చొప్పున ఏడాదికి 15 లక్షలు. అందులో 6 శాతం 90 వేలు. అక్కడ మిగిలేది మన డబ్బులో 12 లక్షలు, ఇక్కడ మిగిలేది 90 వేలు. కెమెరా ధర, చిప్పు ధర, నమూనా అద్దె మాత్రం రెండుచోట్లా డాలర్లలో ఒకటే. మనిషి కూలి తక్కువైన చోట యంత్రం రావడం ఆలస్యమవుతుంది. ఇది ఊరటగా చెప్పుకునే మాట కాదు. మన లైట్‌మెన్, సెట్ కార్మికులు యంత్రం నుంచి కొన్నాళ్లు క్షేమంగా ఉంటారంటే, దానికి సగం కారణం వాళ్లకు ఇచ్చేది అంత తక్కువ కావడమే.

గ్రాఫిక్స్ పనివాళ్ల పరిస్థితి ఇందుకు భిన్నం, అసలు ఆందోళన పడాల్సింది అక్కడ. హైదరాబాద్‌లో ఈ పరిశ్రమ పెరిగింది ‘ఈగ’, ‘బాహుబలి’ లాంటి మన సినిమాలతో మాత్రమే కాదు. హాలీవుడ్ సినిమాల రోటో, తీగలు చెరపడం లాంటి పనులు ఇక్కడికి రావడం వల్ల కూడా. అవి ఎందుకు వచ్చాయి? లాస్ ఏంజెలెస్ మనిషికన్నా హైదరాబాద్ మనిషి చవక కాబట్టి. ‘లైఫ్ ఆఫ్ పై’కి గ్రాఫిక్స్ చేసిన రిథమ్ అండ్ హ్యూస్ సంస్థకు హైదరాబాద్‌లో కూడా స్టూడియో ఉండేది. 2013 ఫిబ్రవరిలో ఆ సినిమాకు విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ వచ్చింది. ఆస్కార్ వేడుకకు కొద్ది రోజుల ముందే ఆ సంస్థ దివాలా పిటిషన్ వేసింది. ఆ బొమ్మ పులి ప్రపంచాన్ని కదిలించినా దాన్ని చేసినవాళ్ల సంస్థ బతకలేదు. ఈ వ్యాపారంలో స్టూడియో ముందే ఒక ధర ఒప్పుకోవాలి. క్లయింటు ఎన్నిసార్లు మార్పులు అడిగినా ఆ భారం స్టూడియోదే. అందువల్ల పని వేగం పెరిగితే మిగిలే డబ్బు స్టూడియో దగ్గర నిలవదు, ఆర్టిస్టు దగ్గరికి అసలే రాదు. మరుసటి బేరంలో క్లయింటు ఆ మేరకు ధర తగ్గిస్తాడు.

కాబట్టి ఎగుమతి పనుల విషయంలో ‘మనిషా యంత్రమా’ అన్న నిర్ణయం వెంగళరావు నగర్‌లోనో జూబ్లీహిల్స్‌లోనో జరగదు. కాలిఫోర్నియాలో ఒక ఆఫీసులో, హైదరాబాద్ నుంచి వచ్చే బిల్లు పక్కన యంత్రం బిల్లు పెట్టుకుని జరుగుతుంది. నిన్నటిదాకా అక్కడి మనిషికీ మనకూ ఉన్న జీతాల తేడాయే మన బలం. యంత్రానికి జీతాల తేడా లేదు. మనకు మిగిలే బలం ఒక్కటే: యంత్రం ఇచ్చినదాన్ని చూసి ఓకే చెప్పగల సీనియర్ సమయం కూడా అక్కడికన్నా ఇక్కడ చవక, అలాంటి కన్నున్నవాళ్లు మన దగ్గర చాలామంది ఉన్నారు.

ఆ సీనియర్ ఎక్కడి నుంచి వచ్చాడు? అతను కూడా ఒకనాడు ఏ చిన్న ఊరి నుంచో వచ్చి, అమీర్‌పేటలో మూడు నెలలో ఆరు నెలలో నేర్చుకుని, రోటో కుర్చీలో కూర్చున్నవాడే. వేల ఫ్రేములు గీశాకే వెలుతురు భుజం మీద ఎలా పడుతుందో, మసక ఎక్కడ మొదలవుతుందో అతని కంటికి పట్టింది. కంపోజిటర్లు, సూపర్‌వైజర్లు ఆ కుర్చీలోంచే లేచి వచ్చారు. యంత్రం ముందుగా తీసేస్తున్నది ఆ కుర్చీనే. ఈ ఏడాది లెక్కలో అది ఆదా. పదేళ్ల తర్వాత ఓకే చెప్పేవాడు దొరకనప్పుడు అది నష్టం. కానీ ఏ స్టూడియో ఖాతాలోనూ పదేళ్ల తర్వాతి పద్దు ఉండదు. జూనియర్‌ను ఉంచుకుని యంత్రం గీసిన గీతల్ని దిద్దే పని అతనికి నేర్పితే, అతని జీతంలో కొంత భాగాన్ని శిక్షణ ఖర్చుగా చూడాలి. ఆ ఖర్చు ఒక్క స్టూడియో మోయలేదు, నిజమే. అలాంటప్పుడే నిర్మాతల సంఘాలు, ప్రభుత్వం, ఫెడరేషన్ ఒకచోట కూర్చోవాలి. చిత్రనగరి అని చెప్పుకునే ఊరికి ఇది అడగదగ్గ కోరికే.

చందా ధర విషయంలోనూ ఒక జాగ్రత్త అవసరం. 399 రూపాయలు, ఆ తర్వాత ఉచితం అనేవి వ్యాపారం పెంచుకోవడానికి పెట్టిన ధరలు, ఖర్చు తిరిగి రావడానికి పెట్టినవి కావు. నెలకు 200 డాలర్లు తీసుకునే చందా మీద కూడా నష్టపోతున్నామని ఓపెన్‌ఏఐ అధినేత శామ్ ఆల్ట్‌మన్ 2025 జనవరిలో స్వయంగా రాశారు. జనం తాము అనుకున్నదానికన్నా ఎక్కువగా వాడుతున్నారట. టోకెన్ ధర పడిపోతున్న మాట వాస్తవమే. అదే సమయంలో, జవాబు చెప్పేముందు తమలో తాము తర్కించుకునే కొత్త నమూనాలు ఒకే ప్రశ్నకు ఎన్నో రెట్లు ఎక్కువ టోకెన్లు మింగుతున్నాయి. వీడియో సృష్టించే నమూనాల ఆకలి ఇంకా పెద్దది. ఇవాళ్టి ఉచితాన్ని నమ్ముకుని మనుషులను పంపేసిన ఆఫీసుకు, రేపు ధర పెరిగితే బేరమాడడానికి చేతిలో ఏమీ ఉండదు.

ఇక బిల్లులో ఎక్కని ఖర్చు ఒకటుంది. యంత్రం పలికే గొంతు ఎవరిది? 2023లో వచ్చిన ‘కీడా కోలా’ సినిమాలో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గొంతును తమ అనుమతి లేకుండా ఏఐతో పలికించారంటూ ఆయన కుమారుడు చరణ్ 2024 జనవరిలో చిత్ర బృందానికి లీగల్ నోటీసు పంపారు. సరిగ్గా అదే నెలలో ‘లాల్ సలామ్’ తమిళ చిత్రం కోసం, కన్నుమూసిన ఇద్దరు గాయకులు బంబా బక్యా, షాహుల్ హమీద్‌ల గొంతులను ఏఐతో మళ్లీ పాడించిన ఏఆర్ రెహమాన్, ఆ కుటుంబాల అనుమతి తీసుకున్నామని, పారితోషికం చెల్లించామని ప్రకటించారు. రెండూ ఒకే సాంకేతికత. ఒకచోట గొంతు ఖరీదు లెక్కలో ఉంది, ఇంకోచోట లేదనే వివాదం. గొంతు ఖరీదు లెక్కలో లేని పద్ధతి చవగ్గా కనిపించడానికి కారణం సాంకేతికత కాదు, చెల్లించాల్సింది చెల్లించకపోవడం.

పెద్దవాళ్లకు కోర్టులున్నాయి. 2025 సెప్టెంబరులో నాగార్జునకు ఢిల్లీ హైకోర్టు, చిరంజీవికి హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టు వాళ్ల పేరు, రూపం, గొంతు అనుమతి లేకుండా వాడకుండా రక్షణ ఇచ్చాయి. డబ్బింగ్ థియేటర్‌లో జనం అరుపుల దగ్గర నుంచి నాయిక తల్లి ఏడుపు దాకా అన్నీ పలికి, రోజు కూలి తీసుకుని బస్సెక్కే కళాకారిణికి ఆ దారి లేదు. ఆమె గొంతు ఒక హార్డ్‌డిస్కులో ఉంది. దాంతో తర్ఫీదు పొందిన నమూనా రేపు వంద సినిమాల్లో ఏడిస్తే ఆమెకు ఎంత రావాలి? రోజు వేతనం అన్న కొలత దీనికి పనికిరాదు, ఎందుకంటే ఆ రోజు ఆమె పనికి రాలేదు. 2023లో హాలీవుడ్ నటులు 118 రోజులు సమ్మె చేసి సాధించుకున్నవాటిలో ఇదొకటి: నటుడి డిజిటల్ ప్రతిరూపాన్ని వాడాలంటే ముందు సమ్మతి కావాలి, దేనికి వాడతారో చెప్పాలి, డబ్బు ఇవ్వాలి. స్వీడన్ సినిమా ‘వాచ్ ది స్కైస్’ను 2025లో అమెరికాలో విడుదల చేసినప్పుడు ఏఐతో పెదాల కదలికను ఇంగ్లిష్‌కు మార్చారు, ఇంగ్లిష్ మాటలు మాత్రం ఆ నటులే మళ్లీ పలికారు. యంత్రం పెదాలను మాటకు పట్టించింది, గొంతుకు డబ్బు గొంతున్నవాళ్లకే వెళ్లింది. మన అనువాద చిత్రాలకు ఇంతకన్నా మంచి దారి నాకు కనిపించడం లేదు.

ఏఐ పెట్టాలా వద్దా అని తేల్చుకోలేకపోతున్న చిన్న స్టూడియో యజమాని ఒక నెల పాటు ఒక చిట్టా రాస్తే చాలు. ప్రతి షాట్‌కీ ఒక వరస. యంత్రం ఎన్నిసార్లు ప్రయత్నించింది, ప్రతి ప్రయత్నాన్నీ ఎవరు చూశారు, ఎన్ని నిమిషాలు చూశారు, చేత్తో దిద్దడానికి ఎంత పట్టింది. సమయం జ్ఞాపకంతో రాయకూడదు, గడియారం చూసి రాయాలి. ఆ 16 మంది ప్రోగ్రామర్లు తడబడింది అక్కడే. జుట్టు, కొంగు, నీళ్లు, పొగ ఉన్న షాట్లను విడిగా గుర్తుపెట్టుకోవాలి. వాడిన గొంతుకీ ముఖానికీ సమ్మతి పత్రం ఉందా అన్నది ఇంకో గడి. డెలివరీ అయిన రెండు వారాలకు క్లయింటు వెనక్కి పంపిన షాట్లను కూడా ఆ వరసల్లోనే, అవే అంకెల పక్కన, మళ్లీ ఎక్కించాలి.